చిల్లిగవ్వకు చరిత్ర ఉందా?

‘చిల్లిగవ్వ విలువ చెయ్యదు’ అంటాం. గవ్వలు డబ్బుగా చెలామణీ అయిన రోజుల నుంచి మిగిలిపోయిన మాట ఇది. మాల్దీవుల సముద్రంలో దొరికే చిన్న తెల్లగవ్వ బెంగాల్, ఒరిస్సా ప్రాంతాల్లో 19వ శతాబ్దం మొదటి దాకా సామాన్యుల చేతిలో చిల్లర డబ్బు. 1803లో ఒరిస్సాను పట్టుకున్న కంపెనీ ప్రభుత్వం శిస్తు వెండి రూపాయల్లోనే కట్టాలని పట్టుబట్టింది. దాంతో గవ్వ విలువ పడిపోయింది. 1817 నాటి పైకా తిరుగుబాటుకు కారణాలు చెప్పే చరిత్రకారులు దీన్ని కూడా చేరుస్తారు. ఇదంతా మగవాళ్ల గవ్వ చరిత్ర: శిస్తు, ఖజానా, తిరుగుబాటు.

అదే గవ్వకు మరో చరిత్ర ఉంది. దండ గుచ్చాలన్నా, గుమ్మానికి తోరణం కట్టాలన్నా, లంబాడీ స్త్రీ తన రవిక మీద కుట్టుకోవాలన్నా ముందు దానికి చిల్లి పడాలి. డబ్బు లెక్కలో ఏ చిల్లి దాన్ని పనికిమాలినదాన్ని చేసిందో, ఆ చిల్లే ఆడవాళ్ల చేతిలో దాన్ని అలంకారం చేస్తుంది. మరి ఈ రెండో చరిత్రను ఎవరు రాశారు?

కొన్నేళ్ల క్రితం ఒక శిక్షణా తరగతుల్లో గవ్వలతో స్త్రీలు చేసిన అలంకరణల మీద పత్రం రాస్తానన్నాను. అక్కడి పెద్దాయన ఒకరు నవ్వి, “అమ్మా, అది హోమ్‌సైన్సు వాళ్ల సబ్జెక్టు కదా” అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. చరిత్ర ఎక్కడ ఆగుతుందో, ఇల్లు ఎక్కడ మొదలవుతుందో గీసిన పాత గీతనే ఆయనా చూపించారు. 1984లో రోజికా పార్కర్ కుట్టుపని చరిత్ర రాస్తూ ఆ గీతనే ప్రశ్నించింది. సూది పట్టడం స్త్రీ స్వభావమని నేర్పిన సమాజమే, సూదితో చేసిందాన్ని కళ కాదు పొమ్మని తీసిపారేసింది. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చినప్పుడు మనకూ ఒక సంగతి తెలిసింది. అడిగేవాళ్లుంటే చెప్పేవాళ్లున్నారు. కాని చేతిపని నోరు తెరిచి చెప్పదు. దాన్ని చూసి చదవాలి.

కాబట్టి గవ్వపనిని చదవడానికి నాలుగు చోట్లకు వెళ్దాం. మొదటిది 18వ శతాబ్దపు ఇంగ్లండు.

*

ఆనాటి ఇంగ్లండు సంపన్న కుటుంబాల్లో తోటలో ఒక చిన్న గుహలాంటి మందిరం కట్టించి, లోపలి గోడలన్నీ గవ్వలతో నింపడం ఒక మోజు. ససెక్స్‌లోని గుడ్‌వుడ్ ఎస్టేటులో రిచ్‌మండ్ డచెస్ సారా, ఆమె కూతుళ్లు అలాంటి మందిరాన్ని 1740ల్లో పూర్తి చేశారు. ఏడేళ్లు పట్టిందంటారు. గోడలు, పైకప్పు అంతా గవ్వలతో పూలబుట్టలు, తీగెలు, కొమ్ములు. దగ్గరికెళ్లి చూస్తే తప్ప అది సున్నంతో తీర్చిన శిల్పం కాదని తెలియదు. ఏడేళ్ల పాటు ఒక తల్లి, ఎదుగుతున్న ఆడపిల్లలు కూర్చుని ఒక్కొక్క గవ్వా ఎంచి అతికించిన పనిని గైడు పుస్తకాలు చాలాకాలం ‘కాలక్షేపం’ అనే రాశాయి. అదే ఏడేళ్లు ఒక మగ శిల్పి పనిచేసి ఉంటే ఆ మాట వాడతామా?

ఆ కాలంలో గవ్వపనిలో గొప్ప పేరున్న మనిషి మేరీ డెలానీ. 1700లో పుట్టింది. పదిహేడేళ్లకు, బంధువుల రాజకీయ అవసరాల కోసం, అరవైకి దగ్గరపడిన అలెగ్జాండర్ పెండార్వ్స్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. ‘కన్యాశుల్కం’ చదువుకున్న మనకు ఈ కథ వివరించక్కర్లేదు. లుబ్ధావధాన్లు రామచంద్రపురం అగ్రహారంలోనే కాదు, లండన్ పార్లమెంటులోనూ కూర్చున్నాడు. ఆ ముసలాయన కొన్నేళ్లకే పోయాడు. మేరీ వెంటనే మళ్లీ పెళ్లి చేసుకోలేదు. దాదాపు రెండు దశాబ్దాలు వితంతువుగా తన ఇష్టప్రకారం బతికి, 1743లో ఐర్లండుకు చెందిన మతాచార్యుడు పాట్రిక్ డెలానీని తానే ఎంచుకుని చేసుకుంది. డబ్లిన్ దగ్గర డెల్విల్ అనే ఇంట్లో ఆమె గవ్వలతో గుహ కట్టింది. ప్రార్థనామందిరం పైకప్పుకు గవ్వలతో పూలు పూయించింది. ఆ కబుర్లన్నీ చెల్లెలికి ఉత్తరాలు రాసింది.

భర్త పోయాక, డెబ్బైరెండో ఏట, రంగు కాగితాలు కత్తిరించి మొక్కల బొమ్మలు అతకడం మొదలుపెట్టింది. చూపు మందగించేదాకా పదేళ్లలో వెయ్యికి కాస్త తక్కువ చేసింది. అవి ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కాని డెల్విల్ ఇల్లు 20వ శతాబ్దంలో కూలగొట్టారు. దాంతో గోడల మీది గవ్వపని పోయింది. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. కాగితం పుస్తకంలో దాగింది, పుస్తకం మ్యూజియంలోకి చేరింది. ఇంటి గోడకు అతికించిన పని ఇంటితోపాటే పోయింది. ఇంటినే కాన్వాసుగా చేసుకోక తప్పని వాళ్ల కళ ఎంతకాలం బతకాలో ఆ ఇంటి యజమానులు నిర్ణయిస్తారు. ఆ యజమానులు సాధారణంగా ఆడవాళ్లు కారు.

డెలానీ స్నేహితురాలు పోర్ట్‌లాండ్ డచెస్ మార్గరెట్ బెంటింక్. ఆ రోజుల్లో గవ్వలూ శంఖాలూ ఆమె దగ్గర ఉన్నన్ని మరెవరి దగ్గరా లేవంటారు. లినేయస్ శిష్యుడు, కెప్టెన్ కుక్‌తో సముద్రయానం చేసిన డానియల్ సొలాండర్ వాటికి శాస్త్రీయ నామాలు పెట్టి జాబితా రాస్తూ, 1782లో పని పూర్తి కాకుండానే చనిపోయాడు. 1785లో డచెస్ పోయింది. ఆ మరుసటి ఏడు ఆమె వస్తువులన్నీ వేలం వేశారు. నాలుగు వేలకు పైగా అంశాలు. వేలం ముప్పై ఎనిమిది రోజులు సాగింది. ఒక స్త్రీ జీవితకాలం కూర్చిన శాస్త్ర సంపద నెలా పది రోజుల్లో చెదిరిపోయింది. ఆ వేలం అనగానే ఇప్పటికీ గుర్తుచేసుకునేది మాత్రం అందులో అమ్ముడైన ఒక రోమన్ గాజుపాత్రనే.

*

ఇదే ఇంగ్లండులో, నైరుతి తీరాన ఎక్స్‌మత్ ఊళ్లో, గవ్వలు ఇంటితోపాటు కూలిపోకుండా చూసిన ఇద్దరు స్త్రీలున్నారు. జేన్ పార్మింటర్, ఆమె పినతండ్రి వరస కుటుంబానికి చెందిన మేరీ పార్మింటర్. జేన్ వర్తకుడి కూతురు. మేరీకి తల్లిదండ్రులు లేరు. ఇద్దరూ 1784లో యూరపు దేశాల యాత్రకు బయల్దేరి ఏళ్ల తరబడి తిరిగారు. అలా తిరగడం అప్పట్లో సంపన్న యువకుల చదువులో భాగం. ఆడవాళ్లు తమంతట తాము వెళ్లడం అరుదు. తిరిగొచ్చి 1790ల్లో పదహారు పలకల ఇల్లొకటి కట్టుకున్నారు. పేరు ‘ఆ లా రోండ్’. ఆ ఇంటి పైభాగాన, సన్నని మెట్లెక్కి వెళ్తే, చుట్టూ తిరిగే ఒక నడవ ఉంది. గోడలన్నీ గవ్వలు, పక్షి ఈకలు, గాజు ముక్కలు, విరిగిన పింగాణీ పెంకులు. ఇవాళ సందర్శకులను అందులోకి నడవనివ్వరు. అంత సున్నితమైన పని అది.

నన్ను ఆశ్చర్యపరిచింది గవ్వల కంటే వీలునామా. 1811లో జేన్, 1849లో మేరీ చనిపోయారు. తమ తర్వాత ఆ ఇల్లు బంధువుల్లో పెళ్లికాని స్త్రీలకే చెందాలని మేరీ రాసింది. దీన్ని ఏదో ముసలి కన్యల చాదస్తంగా చెప్పుకుని నవ్వుకున్నవాళ్లున్నారు. కాని ఆనాటి ఇంగ్లండు చట్టం చూడండి. పెళ్లయిన క్షణం నుంచి స్త్రీ ఆస్తి మీద పెత్తనం భర్తది. 1870, 1882 వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు వచ్చేదాకా అంతే. ఇల్లు ఆడవాళ్ల చేతిలోనే ఉండాలంటే అది పెళ్లికాని ఆడవాళ్ల చేతిలో ఉండక తప్పదు. మేరీకి చట్టం బాగా తెలుసు. తమ చేతిపని నిలవాలంటే ముందు గోడ నిలవాలని, గోడ నిలవాలంటే ఆస్తి హక్కు నిలవాలని ఆమెకు తెలుసు. తర్వాత 1880ల్లో ఆ ఇల్లు ఒక మగ బంధువు చేతికి వచ్చింది. ఇంటికి ఎన్నో మార్పులు చేశాడు. ఆ ఇంటి చరిత్రలో ఏకైక పురుష యజమాని ఆయనే. 1991లో నేషనల్ ట్రస్టు తీసుకుంది.

డెలానీ గవ్వలు ఎందుకు పోయాయో, పార్మింటర్ల గవ్వలు ఎందుకు మిగిలాయో ఇప్పుడు చెప్పగలం. జిగురు గట్టిదనం వల్ల కాదు, వీలునామా గట్టిదనం వల్ల.

*

ఈ స్త్రీల మీద గౌరవంతో ఇంతదాకా వచ్చాక మరో ప్రశ్న వేయక తప్పదు. ఇన్ని లక్షల గవ్వలు ఎక్కడివి? ఇంగ్లండు తీరాన దొరికేవి కొన్నే. గుడ్‌వుడ్ గోడల మీద ఎరుపు, పసుపు, గులాబి రంగుల్లో మెరిసేవాటిలో చాలా భాగం వెస్టిండీస్ నుంచి నౌకాదళం వాళ్లు, వర్తకులు తెచ్చినవి. వెస్టిండీస్ అంటే చక్కెర. చక్కెర అంటే బానిసలు. బానిసల వ్యాపారం అంటే మళ్లీ మన గవ్వే. మాల్దీవుల గవ్వను బెంగాల్, సింహళం మీదుగా యూరపుకు చేర్చి, అక్కడి నుంచి ఓడల్లో పశ్చిమాఫ్రికాకు పట్టుకెళ్లి మనుషుల్ని కొన్నారు. అలా కొన్న మనుషుల్ని దింపిన రేవుల్లో ఒకటి బార్బడోస్. ఒక గవ్వ మనిషికి వెల అయింది, మరో గవ్వ దొరసాని గోడకు పువ్వయింది. రెండూ ఒకే సముద్రపు దారుల్లో తిరిగాయి.

బానిసత్వం రద్దు చట్టం 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. ‘అప్రెంటిస్’ అని పేరు మార్చి మరో నాలుగేళ్లు కట్టు పని చేయించారు. 1838లో బార్బడోస్ ప్రజలు నిజంగా విడుదలయ్యారు. నష్టపరిహారంగా బ్రిటిష్ ప్రభుత్వం రెండు కోట్ల పౌన్లు ఇచ్చింది, యజమానులకు. విడుదలైన వాళ్లకు ఒక్క పెన్నీ లేదు. భూమంతా తోటల యజమానులదే. మగవాళ్లయినా ఆడవాళ్లయినా మళ్లీ ఆ చెరుకుతోటలకే కూలికి పోవాలి, లేదా చేతనైన ఇంకేదో చేసి అమ్ముకోవాలి.

సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే బార్బడోస్ నుంచి ఒక రకం గవ్వల పెట్టెలు యూరపు, అమెరికా ఇళ్లకు చేరడం మొదలైంది. ఎనిమిది పలకల చెక్కపెట్టె, మూత పుస్తకంలా తెరుచుకుంటుంది, పైన అద్దం. లోపల చిన్నచిన్న గవ్వలతో నక్షత్రాలు, గులాబీలు, హృదయాకారాలు. మధ్యలో గవ్వలతోనే అక్షరాలు: ‘నన్ను మరవకు’, ‘బార్బడోస్ నుంచి కానుక’. నావికులు ఇంటికి తిరిగివెళ్తూ భార్యలకో ప్రియురాళ్లకో పట్టుకెళ్లేవాళ్లు. ఇంట్లో గోడకు తగిలించేవాళ్లు. వీటికి ‘సెయిలర్స్ వాలెంటైన్’ అని పేరొచ్చింది. వంద సంవత్సరాలు వీటి గురించి చెప్పుకున్న కథ ఒకటే. నడిసముద్రంలో, ఒంటరి రాత్రుల్లో, ప్రేమతో తపించే నావికుడు ఓడ మీద కూర్చుని ఒక్కో గవ్వా అతికించాడట!

1961లో జూడిత్ కూలిడ్జ్ హ్యూస్ అనే పరిశోధకురాలు ఆ కథకు ఒక మామూలు ప్రశ్న వేసింది. ఇన్ని ఓడలు, ఇంతమంది నావికులు. మరి పెట్టెలన్నీ ఇంత ఒకేలా ఎందుకున్నాయి? గవ్వలు కూడా అవే కరిబియన్ రకాలు. కొన్ని పెట్టెల మీద ఒక దుకాణం చీటీ ఉంది. బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో బెల్‌గ్రేవ్ అనే వ్యాపారి నడిపిన వింతవస్తువుల దుకాణం అది. అంటే నావికుడు పెట్టె చేయలేదు, కొన్నాడు. చేసినవాళ్లు ఎక్కువగా ఆ దీవి స్త్రీలేనని నేటి పరిశోధకుల అభిప్రాయం.

ఒక్కసారి దీన్ని ఊహించండి. చెరుకు కోత లేని కాలంలో ఒక నల్లజాతి స్త్రీ రకరకాల గవ్వలు ముందు పోసుకుని, ఎవరో ఊరుపేరు తెలియని తెల్లవాడి ప్రియురాలి కోసం ‘నన్ను మరవకు’ అని గవ్వలతో రాస్తోంది. ఆ మాటను ప్రపంచం నావికుడి నోట వినిపించింది. రాసినామెను మరిచిపోయింది. చీటీ మీద దుకాణదారు పేరుంది, కథలో నావికుడి పేరుంది, ఇవాళ వేలం పాటల్లో కొన్నవాడి పేరుంటుంది. ఆమె పేరు ఏ చీటీ మీదా లేదు.

ఇక్కడ మనం ఇంగ్లండు దొరసానుల మీద జాలి కొంచెం సర్దుకోవాలి. వాళ్ల పనిని ‘కాలక్షేపం’ అన్నారు. నిజమే, అన్యాయమే. కాని పేరు మిగిలింది, ఉత్తరాలు మిగిలాయి. డెలానీ ఉత్తరాలు 1861, 1862ల్లో ఆరు సంపుటాలుగా అచ్చయ్యాయి. తీరిక ఉన్న స్త్రీ పనిని శ్రమ కాదన్నారు. తీరిక లేని స్త్రీ పనిని ఆమెది కాదన్నారు. స్త్రీలందరి అదృశ్యం ఒకే రకం కాదు.

*

19వ శతాబ్దం మధ్యకి పండగ కూడా ఇంటి నాలుగు గోడల మధ్యకి వచ్చింది. విక్టోరియా రాణి కుటుంబం క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ 1848లో లండన్ పత్రికలో వచ్చింది. 1850లో అమెరికాలోని ‘గోడీస్ లేడీస్ బుక్’ ఆ బొమ్మనే తిరిగి అచ్చువేసింది. అయితే రాణి తల మీది కిరీటం, భర్త మీసం తీసేసింది. కిరీటం తీసేస్తే రాణి గృహిణి అయిపోయింది! ఆ పత్రిక సంపాదకురాలు సారా జోసెఫా హేల్ స్త్రీవిద్య కోసం గట్టిగా నిలబడిన మనిషే. అయినా ఆ కాలపు స్త్రీల పత్రికలన్నీ గవ్వలతో, పూసలతో, ఉన్నితో ఇంటికి నగిషీలు చేసే పద్ధతులు నేర్పాయి. పండగనాడు ఇల్లు కళకళలాడకపోతే అది ఇల్లాలి లోపమనే భావం అలా అచ్చులో స్థిరపడింది. పండగ అందరిదీ, పండగ చాకిరీ ఒక్కరిదీ.

ఈ మాట రాస్తుంటే నాకు మా పెద్దమ్మ గుర్తుకొస్తోంది. ఆమెది భీమిలి. ఇరవై రెండేళ్లకే భర్త పోయాడు. 1970ల్లో సంక్రాంతి సెలవులకు మేం పిల్లలం అక్కడికి వెళ్లేవాళ్లం. ధనుర్మాసం మొదలవగానే పెద్దమ్మ గవ్వల సీసాలు దించేది. సన్నగవ్వలు ఒక హార్లిక్స్ సీసాలో, ఆల్చిప్పలు ఒకదాంట్లో, కోలగా ఉండే గుల్లలు మరోదాంట్లో. కుంకుడు రసంలో కడిగి, నీడన ఆరబెట్టి, తుమ్మబంకతో అట్ట మీద అతికించేది. కొలువు మెట్లకు అంచులు, అమ్మవారి బొమ్మ వెనక మకరతోరణం, బొమ్మల పెళ్లికి పందిరి. “ఏమే, ఆ గులాబిరంగు చిప్ప ఇలా ఇయ్యి, విరక్కుండా” అనేది. ఒక రంగు పక్కన ఏ రంగు ఉండాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

కొలువు మూడు రోజులూ సాయంత్రం పేరంటం. ఊళ్లో ముత్తైదువలంతా వచ్చేవారు. తోరణం ముందు ఆగి, “ఎంత బాగుందో” అనేవారు. మా అమ్మ పసుపు కుంకుమలు పంచేది. పెద్దమ్మ ఆ గదిలోకి వచ్చేది కాదు. వంటింట్లో కూర్చుని శనగలు పొట్లాలు కట్టేది. వితంతువు చేసిన తోరణం శుభానికి పనికొచ్చింది. వితంతువు పనికిరాలేదు. వాళ్లెవరికీ అందులో వైరుధ్యం కనిపించలేదు. కనిపించకుండా ఉండటానికే కదా ఆచారం అనేది.

పెద్దమ్మ పోయాక సామాను పంపకం జరిగింది. ఇత్తడి బిందెలు తూకం వేశారు. వెండి కుంకుమభరిణె ఎవరికో రాశారు. కాగితం మీద జాబితా పెట్టుకుని మరీ పంచారు. గవ్వల తోరణం ఆ జాబితాలో లేదు. ఆ ఇల్లు అమ్మినప్పుడు అది ఏమైందో అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. డెల్విల్ గోడల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ జాబితా కాగితమే కళ్లముందు కదులుతుంది.

*

ఇంగ్లండులో ఇంటితోపాటు పోయింది, బార్బడోస్‌లో పేరు లేకుండా అమ్ముడుపోయింది, భీమిలిలో జాబితాకెక్కలేదు. అయితే పేరూ, పనీ రెండూ నిలుపుకున్న స్త్రీలు ఎక్కడైనా ఉన్నారా? ఉన్నారు. ఆస్ట్రేలియాకు దక్షిణాన టాస్మేనియాలో.

అక్కడి ఆదివాసి స్త్రీలు మయిరీనర్ అనే చిన్న గుల్లలతో దండలు గుచ్చుతారు. బ్రిటిష్ వాళ్లు రాకముందు నుంచీ తల్లి నుంచి కూతురికి వస్తున్న విద్య ఇది. ఆ గుల్లలు ఒడ్డున ఏరుకునేవి కావు. సముద్రం బాగా వెనక్కి తీసినప్పుడు మోకాటి లోతు నీళ్లలోకి దిగి, పెద్ద నాచుతీగెల మీద ఉన్నవాటిని పట్టుకోవాలి. లోపలి జీవిని తీసేసి, శుభ్రం చేసి, పై పొర వదిలిస్తే అప్పుడు కింద నుంచి ఆకుపచ్చ, నీలం, ముత్యపు మెరుపు బయటికొస్తుంది. ఒక్కో దానికి సూదిమొనతో చిల్లి పెట్టాలి. పెద్ద దండకు వందల కొద్దీ గుల్లలు కావాలి. ఒకే పరిమాణం, ఒకే రంగు కుదరాలంటే నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

1830ల్లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రజల్ని వాళ్ల నేల మీద నుంచి తరిమి ఫ్లిండర్స్ దీవిలోని వైబలెనా శిబిరంలో ఉంచింది. రోగాలతో, బెంగతో అక్కడే చాలామంది చనిపోయారు. మిగిలిన నలభై ఏడు మందిని 1847లో ఆయిస్టర్ కోవ్‌కు తరలించారు. ఆ చెరలోనూ స్త్రీలు దండలు గుచ్చుతూనే ఉన్నారు. వాళ్లలో ట్రుగానిని ఒకామె. 1876లో ఆమె చనిపోతే ‘చివరి టాస్మేనియన్’ అని ప్రకటించి, ఆమె అస్థిపంజరాన్ని 1904 నుంచి 1947 దాకా హోబర్ట్ మ్యూజియంలో ప్రదర్శించారు. కాని ఆమె చివరిది కాదు. ఆమె తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు, 1905 దాకా, ఫానీ కాక్రన్ స్మిత్ బతికే ఉంది. తన భాషలో పాటలు పాడి, మైనపు గొట్టాల మీద రికార్డు చేయించింది. దీవుల్లో ఎందరో తల్లులు పిల్లలకు దండలు గుచ్చడం నేర్పుతూనే ఉన్నారు. ‘మీరు అంతరించిపోయారు’ అని రాజ్యం, మ్యూజియం, పాఠ్యపుస్తకం కలిసి చెబుతుంటే, ‘లేదు, ఇదిగో’ అని చూపించిన సాక్ష్యాల్లో ఈ దండ ఒకటి.

ట్రుగానిని అస్థికలను 1976లో, చనిపోయిన నూరేళ్లకు, ఆమె ప్రజలు దహనం చేసి సముద్రంలో కలిపారు. ఆమె దండ, కంకణం ఇంగ్లండులో ఒక మ్యూజియంలో ఉండగా 1997లో టాస్మేనియాకు తిరిగొచ్చాయి. ఆ మ్యూజియం ఎక్సెటర్‌లో ఉంది. పార్మింటర్లు గవ్వలు అతికించిన ఎక్స్‌మత్‌కు అది కూతవేటు దూరం. ఒకే మూలన రెండు గవ్వపనులు. ఒకటి చేసినవాళ్ల గోడల మీదే ఉంది. రెండోది ఇల్లు చేరడానికి 1997 దాకా పట్టింది. ఆ ఆదివాసి ప్రజలకు జరిగిన అన్యాయాలకు హోబర్ట్ మ్యూజియం క్షమాపణ చెప్పింది 2021లో.

ఇప్పుడు టాస్మేనియాలో ఆ దండ పక్కన చీటీ మీద చేసిన స్త్రీ పేరుంటుంది. 1946లో కేప్ బారెన్ దీవిలో పుట్టిన లోలా గ్రీనో ఇంటి పెద్దవాళ్ల దగ్గర ఈ విద్య నేర్చుకుని, 2014లో ఆస్ట్రేలియా సజీవ కళానిధిగా గుర్తింపు పొందింది. అయితే గండం పోలేదు. సముద్రం వేడెక్కి ఆ గుల్లలకు ఆధారమైన నాచువనాలు తగ్గిపోతున్నాయి. ఆగ్నేయ ఆస్ట్రేలియా తీరపు పెద్ద నాచువనాలను 2012లోనే ప్రమాదంలో ఉన్నవాటిగా ప్రకటించారు. తల్లి ఉంది, కూతురు ఉంది, విద్య ఉంది. గుల్ల ఉంటుందా అన్నది ప్రశ్న.

*

మన తీరానికి వద్దాం. కాకినాడ అఖాతంలో చిప్పలు ఏరి సున్నపుబట్టీలకు మోసేవాళ్లలో స్త్రీలున్నారు. ఆ గుల్లసున్నంతోనే ఎన్నో ఇళ్లు పండక్కి తెల్లబడ్డాయి. గోడకు పువ్వుగా అతికిస్తే కళ కాదంటారు, కాల్చి గోడకు పూస్తే అసలు గుర్తే ఉండదు. విశాఖ బీచి రోడ్డు మీద గవ్వల తెరలు, అద్దం ఫ్రేములు కొంటాం. గుచ్చినామె ఎవరని అడగం. లంబాడీ స్త్రీ గవ్వలు కుట్టిన సంచిని హస్తకళల ప్రదర్శనలో మురిపెంగా భుజాన వేసుకుంటాం. దాని మీద తండా పేరు కూడా ఉండదు, ‘ట్రైబల్ వర్క్’ అని ఉంటుంది. ఇది ‘కాలక్షేపం’ అన్న మాటకు చెల్లెలు. 2001లో కొన్ని రకాల శంఖాలను, గుల్లలను వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి తెచ్చారు. అవసరమే. ప్రాణికి చట్టం వచ్చింది, గుచ్చే చేతికి ఏ జాబితా లేదు.

మనలో చాలామంది విశ్వవిద్యాలయాల్లో ఉన్నాం. పరిశోధనలు చేయిస్తున్నాం, మ్యూజియం సంఘాల్లో కూర్చుంటున్నాం, పత్రికలు నడుపుతున్నాం. పెద్ద సిద్ధాంతాల కంటే ముందు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. ఈసారి సంక్రాంతికో క్రిస్మస్‌కో మన ఇంట్లో, పక్కింట్లో, పల్లెలో, చర్చిలో గవ్వలతో అలంకరణ కనిపిస్తే ఒక ఫొటో తీసి, నాలుగు ముక్కలు రాసి పెడదాం: ఎవరు చేశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, గవ్వలు ఎక్కడివి, ఎన్ని రోజులు పట్టింది. నేను మొదలుపెట్టిన పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంది: వరిగంటి సీతమ్మ, భీమిలి, గవ్వల మకరతోరణం, తుమ్మబంకతో, నెల రోజుల పని. వస్తువు లేదు.

రెండో పేజీ ఖాళీగా ఉంది. మీ దగ్గర నుంచి వస్తుందని చూస్తున్నాను.